పైసలెప్పుడు పడతాయి?



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు ఏ ఇంట్లో అడిగినా జీతం తేదీ ఠక్కున చెబుతారు. ఏడో తేదీ, లేదంటే పదో తేదీ. అది యాజమాన్యం దయ కాదు, చట్టం. వెయ్యి మందికి లోపు పనిచేసే చోట ఏడో తేదీ దాటకూడదని, అంతకు మించి ఉంటే పదో తేదీ దాటకూడదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అయితే నెలజీతం వాళ్లందరికీ ఏడో తేదీనే గడువు చేసింది. ఆచరణలో అటూ ఇటూ చేసే కాంట్రాక్టర్లు లేరని కాదు. కానీ కిరాణా ఖాతా, ఇంటి కిరాయి, చిట్టీ వాయిదా, అన్నీ ఆ తేదీని పట్టుకునే నడుస్తాయి. తేదీ దాటితే గేటు ముందు నిలబడి అడిగే హక్కు ఉంటుంది.

అవే ఇళ్లలో డిగ్రీ చదివే అమ్మాయిల్ని, పాలిటెక్నిక్ చదివే అబ్బాయిల్ని అడగండి, స్కాలర్‌షిప్ పైసలు ఎప్పుడు పడతాయని. ఒకరు దసరాకు అంటారు, ఒకరు మార్చిలో అంటారు, ఇంకొకరు మా సీనియర్లకే ఇంకా పడలేదు అంటారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. తేదీ ఎందుకు లేదు, డబ్బు ఎక్కడ ఆగుతుంది, అందులో మన చేతిలో ఉన్నదెంత, లేనిదెంత అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. స్కాలర్‌షిప్ అని మనం ఒక్క పేరుతో పిలిచే దాంట్లో రెండు వేర్వేరు డబ్బులున్నాయి. ఒకటి ఆర్‌టీఎఫ్, అంటే ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది ఇంతకాలం కాలేజీ ఖాతాకు పోతూ వచ్చిన డబ్బు. రెండోది ఎంటీఎఫ్, అంటే మెయింటెనెన్స్ ఫీజు. తిండికి, పుస్తకాలకు, రాకపోకలకు ఇచ్చే భత్యం. ఇది విద్యార్థి ఖాతాలో పడుతుంది. మళ్లీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. ప్రభుత్వ శాఖ నడిపే కాలేజీ హాస్టల్లో ఉండే పిల్లలకు ఎంటీఎఫ్ చేతికి రాదు. మెస్ ఖర్చు కింద హాస్టల్ ఖాతాకే పోతుంది. ఆ అమ్మాయి తన పాస్‌బుక్ పట్టుకుని ఎన్నిసార్లు బ్యాంకుకు తిరిగినా అందులో ఏమీ కనపడదు, ఎందుకంటే ఆమె వాటా ఆమె కంచంలోకి వచ్చేసింది. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇంటర్ నుంచి పీజీ దాకా హాస్టల్ పిల్లల మెస్ చార్జీలను నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. పక్క గదిలో కిరాయికి ఉండి అదే కాలేజీకి పోయే అమ్మాయికి ఎంటీఎఫ్ పడి, తనకు పడలేదని గొడవపడే ముందు ఈ తేడా తెలుసుకోవాలి. కాలేజీ వాళ్లు చెప్పాలి నిజానికి. చాలాచోట్ల చెప్పరు.

ఈ రెండు డబ్బులకూ పుట్టుక వేరు. మెట్రిక్ దాటిన ఎస్సీ విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇవ్వడం స్వాతంత్ర్యానికి ముందే, 1944లో మొదలైంది. అంబేడ్కర్ అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడు. ఇంజనీరింగ్ మొదలుకొని పెద్ద చదువుల ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టడం అన్నది మాత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో, రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా ఊపందుకుంది. తెలంగాణ వచ్చాక 2014లో ఫాస్ట్ అని కొత్త పథకం ప్రకటించారు. 1956 నాటి స్థానికత లెక్క పెట్టడంతో అది హైకోర్టు దాకా వెళ్లింది, చివరికి వెనక్కి తీసుకున్నారు, పాత పద్ధతే నిలిచింది. ఆ ఏడాది చేరిన పిల్లలు ఏ పథకం కింద దరఖాస్తు పెట్టాలో తెలియక నెలల తరబడి చూశారు.

ఇక్కడే ఇంకొక మాట. ఫుల్ ఫీజు అన్నది అందరికీ ఫుల్ కాదు. ఇంజనీరింగ్‌లో బీసీ, ఈబీసీ విద్యార్థికి ర్యాంకు పదివేల లోపు ఉంటే మొత్తం ఫీజు, దాటితే కొన్ని మినహాయింపులు పోను 35,000 రూపాయల వరకే. కాలేజీ ఫీజు 80,000 అనుకుందాం. మిగతా 45,000 ఇంటి నుంచి కట్టాలి. ఆ 45,000 కట్టాకనే సీటు నిలబడుతుంది. మరి ప్రభుత్వం ఇచ్చే 35,000 ఎప్పుడొస్తుందన్న ప్రశ్న కాలేజీది అనుకుంటాం. కానీ కాలేజీ దాన్ని తిప్పి తల్లిదండ్రుల మీదికే తోస్తుంది. ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం అంటుంది.

ఇప్పుడు డబ్బు నడిచే దారి చూద్దాం.

విద్యార్థి ఈ-పాస్ అనే స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపుతాడు. కొత్తగా చేరినవాళ్లది ఫ్రెష్, రెండో ఏడాది నుంచి రెన్యువల్. మీసేవలో వేలిముద్ర వేసి తాను తానేనని రుజువు చేస్తాడు. ప్రింటు తీసి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, బోనఫైడ్లు, పాస్‌బుక్ జిరాక్స్ జతచేసి కాలేజీలో ఇస్తాడు. కాలేజీ సరిచూసి ఆన్‌లైన్‌లో జిల్లా సంక్షేమ అధికారికి పంపుతుంది. అక్కడ మంజూరు. మంజూరైతే బిల్లు. బిల్లు ట్రెజరీకి పోతుంది, దానికొక టోకెన్ నంబరు పడుతుంది. ఆ తర్వాత ఆర్థిక శాఖ డబ్బు వదలాలి.

మన ఊహలో మంజూరైందంటే డబ్బు వచ్చినట్టే. ఈ-పాస్ స్టేటస్‌లో హాల్‌టికెట్ నంబరు, పుట్టినతేదీ కొట్టి చూస్తే మంజూరైనట్టు కనపడుతుంది, ఇంట్లో అందరికీ చెప్పేస్తాం. కానీ మంజూరు అంటే నీకు ఇవ్వాలని ఒప్పుకోవడం మాత్రమే. టోకెన్ అంటే నువ్వు వరుసలో ఉన్నావని చెప్పడం. ఆ వరుస ఎప్పుడు కదులుతుందన్నది ఖజానాలో ఆ నెల ఎంతుంది, జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీ పోను ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పాశమైలారంలో ప్యాకింగ్ పని చేసే తండ్రికి ఇది చెప్పడం కష్టమేమీ కాదు. తన ఓవర్‌టైమ్ బిల్లు సూపర్‌వైజర్ సంతకం దాటి అకౌంట్స్‌లో ఆగడం ఆయన చూసే ఉంటాడు.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. ఎస్సీ విద్యార్థి ఫైలు ఒక శాఖకు, ఎస్టీది ఇంకో శాఖకు, బీసీ, ఈబీసీలది మరో శాఖకు, మైనారిటీలది వేరే శాఖకు పోతాయి. ఒక్కో శాఖకు ఒక్కో పద్దు. సంగారెడ్డిలో ఒకే కాలేజీలో, ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురు ఒకే రోజు దరఖాస్తు పెట్టినా ముగ్గురికీ డబ్బు మూడు వేర్వేరు నెలల్లో పడవచ్చు. పక్కవాడికి పడింది కాబట్టి నా దరఖాస్తులో ఏదో తప్పుందని బెంగపడి, మళ్లీ మీసేవకు పోయి, మళ్లీ యాభయ్యో వందో ఖర్చుపెట్టి, మళ్లీ అవే కాగితాలు ఇచ్చేవాళ్లు ఎందరో. తప్పేమీ ఉండదు. పద్దు వేరు, అంతే.

అన్నిటికంటే పెద్ద అడ్డు క్యాలెండర్. చదువుల సంవత్సరం జూన్, జూలైలలో మొదలవుతుంది. ప్రభుత్వ లెక్కల సంవత్సరం ఏప్రిల్ ఒకటిన మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ తేలి పిల్లలు సీట్లలో కుదురుకునే సరికి లెక్కల ఏడాదిలో సగం గడిచిపోతుంది. ఈ-పాస్ గడువు పెంచుకుంటూ పోతారు. పెంచడం పిల్లల మేలు కోసమే, కాదనను. కానీ పెంచిన ప్రతి నెలా మంజూరు ఒక నెల వెనక్కి జరుగుతుంది. బిల్లులు తయారయ్యే నాటికి మార్చి దగ్గరపడుతుంది. మార్చి చివరన ఖజానా దగ్గర ఉండే రద్దీ తెలిసిందే. అక్కడ దాటకపోతే కొత్త ఏడాది బడ్జెట్. కొత్త ఏడాది బడ్జెట్‌లో పాత బకాయి ముందు తీరాలి. అంటే ఈ ఏడాది చదివే పిల్లల పేరు మీద కేటాయించిన డబ్బులో ఎంతో కొంత పోయిన ఏడాది, అంతకు ముందు ఏడాది పిల్లలకు సర్దుబాటవుతుంది. ఒకసారి ఇలా వెనకబడిన లెక్క తనంతట తాను సరికాదు. ఒక ఏడాది రెండేళ్ల డబ్బు ఒకేసారి పెడితే తప్ప ఆ వెనకబాటు పోదు. రాష్ట్రం రెండైనా, అధికారం చేతులు మారినా బకాయి మాత్రం ఒకరి నుంచి ఒకరికి నడిచి వస్తూనే ఉంది. ఇది ఒక పార్టీ సమస్య అని ఎవరైనా చెబితే నేను నమ్మను.

నిబంధనల్లో మాత్రం మూడు నెలల లెక్క ఉంది. ప్రతి మూడు నెలల చివర విద్యార్థి హాజరు 75 శాతం ఉండాలి అంటారు. అంటే డబ్బు కూడా మూడు నెలలకోసారి నడవాలన్నదే అసలు ఉద్దేశం. హాజరు లెక్క మూడు నెలలకు అడుగుతారు, డబ్బు మాత్రం మూడు నెలలకు రాదు. ఇందులో ఒక వైపు షరతు మాత్రమే బతికింది.

ఈ బకాయిలు ఎక్కడిదాకా పోయాయంటే, 2025 నవంబర్ 3న తెలంగాణలో ప్రైవేటు ఇంజనీరింగ్, ఫార్మసీ, డిగ్రీ కాలేజీల యాజమాన్యాలే తలుపులు మూశాయి. బకాయిలు ఇచ్చేదాకా తెరవం అన్నాయి. నాలుగైదు రోజుల తర్వాత ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్కతో చర్చలు జరిగాక, కొంత డబ్బు ఇస్తామన్న హామీతో బంద్ విరమించాయి. అధ్యాపకుల జీతాలు ఆ డబ్బు మీదే ఆధారపడ్డాయని యాజమాన్యాలు చెప్పిన మాటలో నిజం లేకపోలేదు. అదే సమయంలో ఆ రోజులన్నీ పాఠాలు పోయింది పిల్లలకే.

పక్క రాష్ట్రం వాళ్లు వేరే దారి పట్టి చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జగనన్న విద్యాదీవెన, వసతిదీవెన అని పెట్టి ఫీజు డబ్బు తల్లి ఖాతాలో వేశారు. ఫీజుది మూడు నెలలకోసారి, వసతి భత్యం ఏడాదికి రెండు విడతలు. ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000. లెక్క స్పష్టంగా ఉండటం మంచిదే. అయితే తల్లి ఖాతాలో పడిన డబ్బు కాలేజీకి చేరలేదని యాజమాన్యాలు, అసలు విడతే పడలేదని తల్లులు అనడం మొదలైంది. తర్వాత ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీకే అన్నారు. ఎవరి ఖాతా అన్నది ఎంత తిప్పినా, ఏ రోజు అన్నది తేలకపోతే జరిగేది ఇదే.

కేంద్రం కూడా 2020 డిసెంబర్‌లో ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్ నిబంధనలు మార్చింది. ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం అని తేల్చింది. రాష్ట్రం తన వాటా వేశాక కేంద్రం తన వాటాను విద్యార్థి ఆధార్ ఖాతాకు నేరుగా పంపాలన్నది అందులో నియమం. భత్యం పట్టికలో కోర్సును బట్టి, హాస్టలా ఇల్లా అన్నదాన్ని బట్టి ఏడాదికి 2,500 నుంచి 13,500 రూపాయల దాకా ఉంది. ఇంటి నుంచి పోయి ఇంటర్ చదివేవాళ్లు అడుగు మెట్టు మీద, హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్, మెడిసిన్ చదివేవాళ్లు పై మెట్టు మీద.

బయటి దేశాల్లో ఎలా ఉందో రెండు మాటల్లో చెబుతాను. ఇంగ్లండ్‌లో చదివే స్థానిక విద్యార్థికి ఖర్చుల కోసం ఇచ్చే అప్పు మూడు విడతలు. ప్రతి టర్ము మొదట్లో ఒకటి, కాలేజీ ఈ పిల్లవాడు చేరాడు అని ధ్రువీకరించగానే పడుతుంది. జర్మనీలో బాఫొగ్ అనే సాయం నెలనెలా, రాబోయే నెలది ముందు నెల చివరనే వస్తుంది. అమెరికాలో మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఫెడరల్ సాయంతో చదువుతున్నారు. అక్కడ కాలేజీ ఫీజు మినహాయించుకున్నాక మిగిలింది 14 రోజుల్లో విద్యార్థికి ఇచ్చేయాలని నిబంధన. వాళ్లు ధనవంతులు కాబట్టి అంటారేమో. ధనం సంగతి పక్కన పెడితే, వాళ్ల లెక్క చదువుల క్యాలెండర్‌కు కట్టి ఉంది. మనది బడ్జెట్ క్యాలెండర్‌కు కట్టి ఉంది.

సరే, మన చేతిలో ఉన్నవాటికి వద్దాం. ఖజానా కదిలే రోజు మన దరఖాస్తు వరుసలో ఉండాలి కదా. అది ఆగే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా వెనక ఉంటుంది. పాస్‌బుక్‌లో అసలు ఉండదు. మనిషి ఒకరే, కంప్యూటర్‌కు ముగ్గురు. మెమోలో పేరు మార్చడం పెద్ద పని. ఆధార్‌లో మార్చడం చిన్న పని. అందుకని మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్ దిద్దించుకోవాలి, ఆ తర్వాత బ్యాంకులో. ఈ వరుస తిరగేస్తే రెండుసార్లు తిరగాలి.

రెండోది వేలిముద్ర. మీసేవ కౌంటర్ ముందు ఇది రోజూ కనిపించే దృశ్యం. పిల్లవాడు బొటనవేలు పెడతాడు, ఎర్రలైటు. ప్యాంటుకు తుడిచి మళ్లీ పెడతాడు, ఎర్రలైటు. చూపుడు వేలు, మళ్లీ ఎర్రలైటు. వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటారు, కౌంటర్‌లో ఉన్నాయన రేపు రమ్మంటాడు. రేపు వచ్చినా అంతే. పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప మళ్లీ తీయించుకోవడం ఆధార్‌లో తప్పనిసరి. చిన్నప్పటి వేలిముద్రతో ఇంటర్ పిల్లవాణ్ని పోల్చితే కలవదు. పదిహేను నుంచి పదిహేడేళ్ల మధ్య చేయించుకుంటే డబ్బు కూడా తీసుకోరు. పదో తరగతి పరీక్షలు అయిన వేసవిలో ఈ ఒక్క పని చేయించుకుంటే చాలు.

మూడోది ఖాతా. ఆధార్‌తో కలిపిన ఖాతాలు ఎన్ని ఉన్నా, ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఒక్క ఖాతాకే పోతుంది. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర చివరిగా ఏ ఖాతా నమోదైతే దానికి. ఇస్నాపూర్‌లో కంపెనీ గేటు దగ్గర బ్యాంకు వాళ్లు టేబుల్ వేసి జీతం ఖాతాలు తెరుస్తుంటే, సెలవుల్లో పనికి పోయిన డిగ్రీ కుర్రాడు ఒకటి తెరుస్తాడు. ఆధార్ ఇస్తాడు, సంతకం పెడతాడు. ఆ సంతకంతో స్కాలర్‌షిప్ దారి మళ్లుతుందని అతనికి తెలియదు. కాలేజీలో ఇచ్చింది ఊళ్లో గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్. డబ్బు పడలేదని తిరిగినవాళ్లలో, వేరే ఖాతాలో పడి ఉన్నది చూసుకోనివాళ్లు ఉన్నారు. ఏ బ్యాంకు నమోదై ఉందో ఆధార్ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు.

ఖాతా మూతపడటం ఇంకో భయం. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతాను పనిచేయని ఖాతాగా లెక్కేస్తారు. అయితే స్కాలర్‌షిప్ కోసం, ప్రభుత్వ పథకాల కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను రెండేళ్లు దాటినా అలా లెక్కేయొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. రెండేళ్ల పాటు స్కాలర్‌షిప్ ఖాతాలో పైసా కదలకపోవచ్చునని దేశపు పెద్ద బ్యాంకే ముందుగా ఊహించిందన్న మాట. నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం. బ్యాంకులో ఎవరైనా ఖాతా ఆగిపోయింది, జరిమానా కట్టమంటే ఈ మాట చెప్పండి.

ఆదాయం దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ఈ పారిశ్రామిక పట్టీలో అసలు నొప్పి ఇక్కడే ఉంది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. లక్షన్నరను పన్నెండు నెలలకు పంచండి. నెలకు 12,500. రెండు లక్షలైతే నెలకు 16,666. ఇప్పుడు ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల డ్యూటీ చేసి, పీఎఫ్, ఈఎస్‌ఐ కోత పోగా జీతం తెచ్చుకునే మనిషిని తలుచుకోండి. ఆ మనిషి జీతానికి చీటీ ఉంటుంది, బ్యాంకులో జాడ ఉంటుంది. తల్లి కూడా ప్యాకింగ్‌కు పోతే చెప్పనక్కర్లేదు. అదే ఊళ్లో అంతకు రెట్టింపు వచ్చే చిన్న వ్యాపారికి చీటీ ఉండదు. సర్టిఫికెట్‌లో ఏ అంకె రాయించుకుంటే అది. కాగితం మీద కనిపించే జీతం ఉన్నవాడే ఇక్కడ నష్టపోతున్నాడు. నిజాయతీగా పీఎఫ్ కట్టే కార్మికుడి పిల్లలు పరిమితి దాటిపోతే అది పేదల పథకం ఎలా అవుతుంది? ధరలు, కనీస వేతనాలు పెరిగాయి. ఆ రెండు అంకెలు మాత్రం అక్కడే నిలబడ్డాయి.

అందులో ఊరు, పట్నం అన్న గీత ఒకటి. పటాన్‌చెరు 2007లోనే హైదరాబాద్ మహానగరంలో కలిసింది కాబట్టి అక్కడ పట్టణ పరిమితి. రోడ్డు దాటి పంచాయతీలో కిరాయికి ఉంటే గ్రామ పరిమితి. ఇంటి కిరాయి రెండుచోట్లా ఒకటే. ఒకే కంపెనీలో, ఒకే షిఫ్టులో, ఒకే జీతానికి పనిచేసే ఇద్దరిలో ఒకరి బిడ్డకు స్కాలర్‌షిప్ వస్తుంది, ఇంకొకరి బిడ్డకు రాదు. పంచాయతీలు మునిసిపాలిటీలుగా మారుతున్న ఈ ప్రాంతంలో ఆదాయ సర్టిఫికెట్ తీసుకునే ముందు మీ ఊరు ఇప్పుడు దేని కింద ఉందో కనుక్కోండి.

ఇక చదువుతూ, చదువు కాగానే పనిచేసే పిల్లల గురించి. భానూరులో బీడీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, వీటిలో అప్రెంటిస్‌లను తీసుకుంటారు. ఐటీఐ అయినవాళ్లు, డిప్లొమా అయినవాళ్లు పోటీపడి చేరతారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద రాసిన నియమాల్లో స్టైపెండ్‌కు తేదీ ఉంది. ఈ నెలది వచ్చే నెల పదో తేదీలోపు. మొత్తం కూడా రాసి ఉంది, 2019 సవరణలో చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలు కనీసం అన్నారు. అందులో ప్రభుత్వ వాటా 1,500 దాకా, 2023 నుంచి నేరుగా అప్రెంటిస్ ఖాతాకే వేస్తున్నారు. చదువుకునే పిల్లకు తేదీ లేదు, ఆ చదువే ముగించి అప్రెంటిస్‌గా చేరిన రోజు నుంచి తేదీ ఉంది. రెండుచోట్లా ప్రభుత్వ డబ్బు ఉన్నా ఒకచోట తేదీ రాశారు, ఒకచోట రాయలేదు. రాయడం అసాధ్యం కాదని ఇందువల్లే అంటున్నాను. ఇంకో జాగ్రత్త. కోర్సులో ఉండగా వచ్చే స్టైపెండ్ ఏడాదికి స్కాలర్‌షిప్ మొత్తాన్ని మించితే స్కాలర్‌షిప్ అర్హత పోతుంది. దూరవిద్య, ఓపెన్ యూనివర్సిటీ వాళ్లకు, మేనేజ్‌మెంట్ కోటా వాళ్లకు, స్పాట్ అడ్మిషన్ వాళ్లకు మొదట్నుంచీ లేదు. చేరేటప్పుడు కాలేజీ ఏజెంటు స్కాలర్‌షిప్ వస్తుందని నోటితో చెబితే కన్వీనర్ కోటా సీటేనా అని కాగితం మీద అడగండి.

ఎంటీఎఫ్ రాకపోకలకు కూడా అన్నాను కదా. అమ్మాయిలకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. సంగారెడ్డి నుంచి, జోగిపేట నుంచి రోజూ వచ్చి చదివే ఆడపిల్లలకు ఎంటీఎఫ్ ఆలస్యమైనా రాకపోకలు ఆగలేదు. మగపిల్లలకు పాసు తప్పదు. ఇంట్లో ఇద్దరుంటే ఎవరి చదువు ముందు ఆపాలన్న లెక్క ఈ మధ్య కొంచెం మారింది, అది నేను మంచి మార్పే అంటాను.

ఈ పట్టీలో ఒడిశా నుంచి, బిహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో. పిల్లలు ఇక్కడే తెలుగు మీడియంలో పదో తరగతి పాసై, ఇక్కడే ఇంటర్‌లో చేరుతున్నారు. పోస్ట్‌మెట్రిక్ నిబంధన ప్రకారం స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది శాశ్వత నివాసం ఏ రాష్ట్రమో ఆ రాష్ట్రం. చదువు ఎక్కడన్నది కాదు. కాబట్టి ఆ పిల్లలు సొంత రాష్ట్రంలో దరఖాస్తు పెట్టుకోవాలి. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్న తండ్రికి సొంత ఊళ్లో ఆదాయ సర్టిఫికెట్ ఎవరిస్తారు? రైలెక్కి పోయి తెచ్చుకునే సరికి అక్కడి గడువు అయిపోతుంది. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నుంచి బీదర్ పోయి చదివే మన పిల్లలకు ఇదే కథ తిరగేసి ఉంటుంది. వాళ్లు దరఖాస్తు పెట్టాల్సింది తెలంగాణ ఈ-పాస్‌లోనే, బయటి రాష్ట్రంలో చదివేవాళ్ల విభాగంలో.

ఇక సర్టిఫికెట్ల మాట. కోర్సు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, టీసీ, మెమోలు అడిగితే ప్రభుత్వం ఫీజు ఇవ్వలేదు, మీరు కట్టి తీసుకుపొండి అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. నోటిమాటగా అడిగితే కాదంటారు, రాతపూర్వకంగా అడిగి నకలు దగ్గర పెట్టుకోండి. కట్టక తప్పని పరిస్థితి వస్తే, కట్టినట్టు రసీదు, ప్రభుత్వం నుంచి వచ్చాక తిరిగి ఇస్తామన్న మాట అదే రసీదు మీద రాయించుకోండి. ఆ రాత లేకుండా కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

ఆఫీసుకు పోయి అడగాల్సి వస్తే, పైసలు పడ్డయా సార్ అని అడగకండి. లేదు అనే ఒక్క మాటతో మీ పూట పోతుంది. నాలుగు విషయాలు అడగండి. కాలేజీ నా దరఖాస్తును ఏ తేదీన పంపింది, మంజూరు ఏ తేదీన అయింది, బిల్లు ఏ తేదీన పెట్టారు, టోకెన్ నంబరెంత. మొదటిదానికి జవాబు లేకపోతే మీ పని కాలేజీలో. రెండోది, మూడోది లేకపోతే జిల్లా సంక్షేమ కార్యాలయంలో. టోకెన్ ఉంటే ఇక మీరు ఎక్కడా తిరగనక్కర్లేదు, ఆ బస్సు చార్జీ మిగిలించుకోండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఇవే నాలుగు ప్రశ్నలు రాసి ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, తెల్ల రేషన్ కార్డు వాళ్లకు ఆ పది రూపాయలూ అక్కర్లేదు. సంగారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది. అక్కడ అర్జీ ఇస్తే నమోదు నంబరు ఉన్న రసీదు తీసుకున్నాకే బయటికి రండి. ఒక్కరుగా కాకుండా ఒకే కాలేజీ పిల్లలు పదిమంది కలిసి, పేర్లు, దరఖాస్తు నంబర్లు ఒకే కాగితం మీద రాసి ఇస్తే పని తొందరగా కదులుతుంది.